లోడుబండికి ముందు బ్రేకులు

మదనపల్లె టమాటా మార్కెట్టుకి వెళ్లినా, హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకి వెళ్లినా, భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీదికి వెళ్లినా ఒకే రకం బండ్లు కనిపిస్తాయి. ముందు చిన్న క్యాబిను, వెనక తెరిచిన తొట్టి. బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్. రైతు పండించింది అమ్ముడవాలన్నా, సిమెంటు బస్తా ఊళ్లోకి రావాలన్నా, పెళ్లివారి షామియానా సామాను కదలాలన్నా ఇవాళ ఇవే దిక్కు. ఆ బండ్ల ముందు చక్రాల్లో ఉండే బ్రేకు ప్యాడ్లు, డిస్కులు అరిగినప్పుడు వాటిని మార్చే పని గురించి ఈ పూట మాట్లాడతాను.

ఈ పని మన షెడ్లలో రోజూ జరుగుతుంది. జరిగే తీరే నన్ను కలవరపెడుతుంది. బండి వచ్చి షెడ్డు ముందు ఆగుతుంది. "అన్నా, బ్రేకు కీచుమంటోంది. ప్యాడ్లు ఒక్కటే వేసి పంపెయ్, సాయంత్రం బాడుగ ఉంది" అంటాడు డ్రైవరు. మెకానిక్ చక్రం ఊడదీసి, పాత ప్యాడ్లు లాగేసి, కొత్తవి పెట్టి, నట్లు బిగించేస్తాడు. అరగంటలో బండి రోడ్డెక్కుతుంది. వాళ్లిద్దరినీ తప్పు పట్టలేను. ఒకరికి ఆలస్యమైతే బాడుగ పోతుంది. రెండోవారికి, డిస్కు కొలిచినందుకూ హబ్బు తుడిచినందుకూ కూలి ఇచ్చేవారు లేరు. అయినా ఆ కొలవడమూ ఆ తుడవడమే అసలు బ్రేకు పని. ప్యాడ్లు పెట్టడం అందులో అన్నిటికన్నా తేలిక.

ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే బ్రేకు మోసే భారం ఎంతో ముందు చూడాలి. బండీ, లోడూ కలిపి 3 టన్నులు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ బరువు ఆగాలంటే సుమారు 417 కిలోజూళ్ల శక్తి వేడిగా మారిపోవాలి. మామూలు నీళ్లు లీటరున్నర దాకా మరిగించగల వేడి అది, ఒక్కసారి బండి ఆపినందుకు. అదే బండి 80 మీద పోతుంటే లెక్క 740 కిలోజూళ్లకు చేరుతుంది. వేగం పెరిగింది మూడో వంతు, వేడి పెరిగింది ముప్పాతిక వంతుకు పైన. 3 టన్నుల చోట 4 టన్నులు ఎక్కిస్తే వేడి కూడా మూడో వంతు పెరుగుతుంది. లోడు సంగతి మన డ్రైవర్లకు బాగా తెలుసు. బరువు ఎక్కువైతే బండి ఆగదని వాళ్ల కాలికే తెలుస్తుంది. వేగం సంగతి కాలికి అంతగా తెలియదు. ప్రమాదం అక్కడుంది.

బ్రేకు నొక్కగానే బరువు ముందుకు వాలుతుంది. అందుకని ఈ వేడిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. 70 శాతం వాటిదే అనుకుని, ఒక్కో డిస్కు 8 కిలోల పోత ఇనుము అనుకుని లెక్క వేయండి. 60 మీద ఒక్కసారి బండి ఆపితే ఆ రెండు డిస్కుల వేడీ సుమారు 40 డిగ్రీలు పెరుగుతుంది. ఊరి మధ్య ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతే మధ్యలో గాలి తగిలి చల్లారుతుంది. చల్లారేలోపే మళ్లీ మళ్లీ తొక్కితే వేడి పోగుపడుతుంది. డిస్కు అరిగి పల్చబడితే ఆ వేడిని దాచుకునే ఇనుము తగ్గిపోయిందన్నమాట. అదే తొక్కుడికి పల్చటి డిస్కు మరింత కాలుతుంది, దాని మీద ప్యాడ్ మరింత తొందరగా అరుగుతుంది, లోపలున్న బ్రేకు ఆయిల్‌కి మరింత వేడి తగులుతుంది.

అందుకే డిస్కు తయారుచేసేవాళ్లు దాని అంచు మీదో, మధ్య గిన్నె మీదో కనీస మందం పోతపోసి పంపుతారు. ఎంఐఎన్ టీహెచ్ అని అక్షరాలు, పక్కన మిల్లీమీటర్లలో అంకె. తుప్పు కింద దాగి ఉంటే తీగ బ్రష్‌తో రుద్దితే బయటపడుతుంది. కొత్త డిస్కు మందానికీ ఈ అంకెకీ మధ్య తేడా సాధారణంగా 2, 3 మిల్లీమీటర్లకు మించదు. చేతికి ఎంత బలంగా కనిపించే డిస్కు అయినా అరగడానికి దానికి ఉన్న అవకాశం అంతే.

కొలవడంలో ఒక చిక్కుంది. ప్యాడ్ తగిలే చోట డిస్కు అరుగుతుంది, తగలని బయటి అంచు అరగదు. కొన్నాళ్లకు అంచు చుట్టూ గట్టులాగా లేస్తుంది, దాని మీద తుప్పు పేరుకుంటుంది. వెర్నియర్ పెడితే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుని ఎక్కువ మందం చూపిస్తాయి. లోపలి దాకా అందే మైక్రోమీటర్ కావాలి, డిస్కు చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. అన్ని చోట్లా ఒకే కొలత రాకపోతే అదీ ఒక రోగమే. దాని సంగతి చెబుతాను.

బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు ఊగుతోందని చాలామంది చెబుతారు. "డిస్కు వంకరపోయింది" అని మెకానిక్ అంటాడు. నిజానికి డిస్కు వంగిపోవడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది, డిస్కు మందంలో వందో వంతు మిల్లీమీటర్లలో తేడా రావడం. ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా ఉన్న డిస్కు ప్యాడ్ల మధ్య తిరుగుతుంటే ప్రతి చుట్టుకీ ప్యాడ్లను తోసి వదులుతుంది. ఆ తోపుడే స్టీరింగు దాకా వస్తుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో వెతుక్కుంటూ పోతే తరచుగా డిస్కు కూర్చునే హబ్బు దగ్గరికి చేరతాం. పాత డిస్కు తీసినప్పుడు హబ్బు మొహాన్ని శుభ్రం చేయకుండా కొత్తది ఎక్కిస్తే, గోరుకి కూడా తెలియని చిన్న తుప్పు పెచ్చు మధ్యలో ఇరుక్కుంటుంది. హబ్బు దగ్గర అది ఎంత చిన్నదైనా డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి ఊగు పెరుగుతుంది. కొత్త డిస్కు మొదటి రోజు బాగానే ఉంటుంది. బ్రేకు తొక్కకపోయినా తిరిగిన ప్రతిసారీ ఒక చోట ప్యాడ్‌ని రాసుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోట సన్నబడుతుంది. అప్పుడు స్టీరింగు ఊగుతుంది, నెపం డిస్కు కంపెనీ మీదికి పోతుంది. తీగ బ్రష్‌తో రెండు నిమిషాలు రుద్ది, గుడ్డతో తుడిచి ఉంటే ఆ డిస్కు దాని ఆయుష్షు పూర్తిగా బతికేది.

చక్రం నట్లు బిగించే తీరుకీ ఇందులో భాగం ఉంది. పంక్చర్ షాపులో గాలి గన్నుతో ఒక నట్టు బిర్రుగా, పక్కది వదులుగా బిగిస్తే డిస్కు హబ్బు మీద సమంగా కూర్చోదు. ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి, కొద్దికొద్దిగా, చివర కంపెనీ చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించాలి. మన షెడ్లలో టార్క్ రెంచి ఉండటం తక్కువ. ఉన్న షెడ్డు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అక్కడికే వెళ్లమంటాను.

ఇక ప్యాడ్లు. కొత్త ప్యాడ్‌లో ఇనుప పలక మీద అతికించిన రాపిడి పదార్థం 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. చక్రం సందులోంచి టార్చి వేసి చూసి, ఇంకా ఉందిలే అనుకునేవాళ్లున్నారు. బయటి నుంచి కనిపించేది బయటి ప్యాడ్. లోపలి ప్యాడ్ పిస్టన్‌ని ఆనుకుని, బండి కింది వైపు ఉంటుంది. పిస్టన్‌నీ ప్యాడ్లనూ పట్టి ఉంచే కాలిపర్ పక్కలకి జరగడానికి రెండు పిన్నులు ఉంటాయి. వాటిలో గ్రీజు ఎండిపోయి అవి పట్టేస్తే కాలిపర్ జరగదు, పిస్టన్ తోసే లోపలి ప్యాడ్ మాత్రమే పని చేస్తుంది. బయటి ప్యాడ్ సగం ఉండగానే లోపలిది పలక దాకా అరిగిపోయి, ఇనుము ఇనుమును కోస్తుంది. పికప్ బండ్ల విషయంలో ఈ పిన్నుల జబ్బు మరీ ఎక్కువ, ముఖ్యంగా కోస్తాలో రొయ్యలూ చేపలూ మోసే బండ్లకి. ఐసు కరిగి ఉప్పు నీళ్లు తొట్టిలోంచి కారుతూనే ఉంటాయి, రోడ్డు మీద పడ్డ ఆ నీళ్లను చక్రాలే మళ్లీ పైకి చిమ్ముతాయి. అలాంటి బండికి ప్యాడ్లు మార్చే పని లేకపోయినా ఏడాదికొకసారి పిన్నులు తీసి, తుడిచి, రబ్బరుకి హాని చేయని సిలికాన్ గ్రీజు రాసి పెట్టుకోవడం మంచిది. చక్రం బేరింగుకి వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు. దానితో రబ్బరు బుష్‌లు ఉబ్బి పిన్నులు మళ్లీ పట్టేస్తాయి.

ప్యాడ్లు అరిగే కొద్దీ బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. దీన్ని చాలామంది లీకు అనుకుని ఆయిల్ పోస్తారు. ప్యాడ్ అరిగిన మేరకు పిస్టన్ బయటికి జరుగుతుంది, దాని వెనక ఖాళీని నింపడానికి డబ్బాలోంచి ఆయిల్ దిగుతుంది. డిస్కు బ్రేకులో నాకు ఎప్పుడూ అబ్బురమనిపించే ఏర్పాటు ఇక్కడే ఉంది. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు అది పిస్టన్‌తోపాటు కొంచెం వంగుతుంది, కాలు తీయగానే తిరిగి నిటారుగా అవుతూ పిస్టన్‌ని వెంట్రుక వాసి వెనక్కి లాగుతుంది. స్ప్రింగు లేదు, సర్దుబాటు మర లేదు. ప్యాడ్ ఎంత అరిగినా ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య దూరం అంతే ఉంటుంది, పెడల్ ఎత్తూ అంతే ఉంటుంది. డ్రైవరు కాలికి ప్యాడ్ అరుగుదల తెలియకపోవడానికి కారణమూ ఇదే. తెలియజేసేది ఆయిల్ మట్టం. దాన్ని పైన పోసి నింపేస్తే ఆ సూచన కూడా పోతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు బండి చదును నేల మీద ఉండాలి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి, జాకీ ఎత్తాక ఇనుప స్టాండు మీద దించాలి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద చెయ్యి పెట్టడం, కాలు పెట్టడం ఎంత అనుభవం ఉన్నా చేయకూడని పని. కాలిపర్ విప్పాక దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వద్దు. తీగతో స్ప్రింగుకో, యాక్సిల్‌కో కట్టాలి. లోపల చిరిగిన గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది; ఆ చిరుగు నడిరోడ్డు మీద బయటపడుతుంది. కొన్ని బండ్లలో డిస్కు హబ్బు మీద బయటి నుంచి ఎక్కుతుంది, తేలిగ్గా ఊడి వస్తుంది. కొన్నిట్లో హబ్బుకి బోల్టులతో బిగించి ఉంటుంది. అప్పుడు బేరింగులతో సహా హబ్బు దించాలి, కొత్త గ్రీజు పెట్టాలి, బిగువు సరిగ్గా సర్దాలి. ఇలాంటి బండి యజమాని, డిస్కు మార్పుకి కూలి ఎందుకు ఎక్కువైందని మెకానిక్‌తో పేచీ పెట్టుకోకూడదు.

ఈ చోటే ఒక మాట గట్టిగా చెప్పాలి. చక్రం తీయగానే కంప్రెసర్ గొట్టం పెట్టి బ్రేకు దుమ్ము ఊదే అలవాటు మన షెడ్లలో ఉంది. ఆ దుమ్ము ఎక్కువగా పీల్చేది కిందకి వంగి పానాలు అందించే హెల్పర్ కుర్రాడు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కేన్సరుగా బయటపడొచ్చు. ఆస్‌బెస్టాస్ లేని ప్యాడ్ల దుమ్ము కూడా పీల్చదగ్గది కాదు. బ్రేకు క్లీనర్ చల్లో, తడి గుడ్డతోనో తుడవాలి. గాలి ఊదకూడదు. షెడ్డు యజమానులు ఈ ఒక్క మార్పు చేస్తే ఆ కుర్రాళ్లకు జీవితాంతం మేలు.

పిస్టన్‌ని వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తూ ఉండాలి. ముందెవరో పైన పోసి నింపి ఉంటే అది పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని క్లీనర్‌తో కడగకుండా ఎక్కిస్తే ఆ నూనె కొత్త ప్యాడ్లలో ఇంకి, వాటిని మొదటి రోజే పాడుచేస్తుంది. ప్యాడ్ చెవులు జరిగే గాడుల్లో తుప్పు గీకాలి. వేడి తట్టుకునే గ్రీజు చెవులకూ, పలక వెనకకూ పల్చగా చాలు, డిస్కు వైపు చుక్క కూడా పోకూడదు. ప్యాడ్లు, డిస్కులు రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, తడి రోడ్డు మీద అది మరీ ప్రమాదం.

డిస్కు కొత్తది కొనే బదులు లేత్ మీద మిషన్ పట్టించొచ్చా అని అడుగుతారు. పట్టించొచ్చు, పట్టించాక కూడా మందం ఆ పోతపోసిన అంకెకి పైన ఉంటేనే. లోతుగా గాడులు పడిన డిస్కులో ఆ గాడులు పోయే దాకా కోస్తే సాధారణంగా మందం ఆ అంకె కిందికి పోతుంది. నీలం మచ్చలు పడిందీ, వెంట్రుకంత సన్నటి బీటలు అంచు దాకా పాకిందీ లేత్‌కి పంపకుండా పక్కన పడేయాలి.

ప్యాడ్లు కొనేటప్పుడు తక్కువ ధరకు దొరికిందని డూప్లికేటు తెచ్చుకుంటే అది మొదట ఘాట్ రోడ్డులో బయటపడుతుంది. కొన్ని ప్యాడ్ల మీద ఈఎఫ్, ఎఫ్‌ఎఫ్, జీజీ అని రెండక్షరాల గుర్తు ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటి పట్టు. 'ఈ' అక్షరం అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.45 దాకా, జీ అంటే 0.55 దాకా. లోడుబండికి నేను రెండో అక్షరాన్నే ముందు చూస్తాను, కాలినప్పుడు పట్టు సడలకూడదు గనుక.

ఘాట్ రోడ్డు గురించి మరి రెండు మాటలు. మదనపల్లె నుంచి తిరుపతి వెళ్లే దారిలో భాకరాపేట ఘాటు ఉంది, మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే దారిలో ఘాటు ఉంది, అరకు దారిలో అనంతగిరి ఉంది. 3 టన్నుల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే బ్రేకుల మీద పడగల శక్తి సుమారు 14,700 కిలోజూళ్లు. 60 మీద 35 సార్లు వరసగా బండి ఆపినంత. దీన్ని బ్రేకుల మీదే మోపితే ఏ డిస్కూ, ఏ ప్యాడూ తట్టుకోదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ ఆ గేరులోనే ఇంజన్ పట్టు మీద దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ ఇంజెక్షన్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఇంజన్ పూర్తిగా ఆపేసి దిగితే రెండు మూడు తొక్కుళ్లకే, పెడల్‌కి సాయం చేసే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోతుంది, పెడల్ రాయిలా మారుతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. కాలిపర్‌లో ఆయిల్ మరిగిందంటే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ నేలను తాకుతుంది. మంచి ప్యాడ్లు, మందమైన డిస్కులు ఉన్నా అప్పుడు బండి ఆగదు. అందుకే ప్యాడ్లు మార్చిన రోజే, రెండేళ్లు దాటితే, ఆయిల్ కూడా మార్చి గాలి తీయించండి. ఏ డాట్ పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

అంతా బిగించాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా నొక్కుతూ ఉండాలి. వెనక్కి నొక్కిన పిస్టన్లు ప్యాడ్ల దాకా రావాలిగా, మొదటి తొక్కుడికి పెడల్ నేలకు పోతుంది. అది తెలియక షెడ్డులోంచి బండి వెనక్కి తీసి గోడకు గుద్దిన సంఘటనలు వినే ఉంటారు.

తర్వాత ఖాళీ బండితో, ఖాళీ రోడ్డు మీద, 50 మీద పోతూ 15కి తగ్గించడం, మళ్లీ వేగం పెంచి తగ్గించడం, మధ్యలో చల్లారనివ్వడం. పది పన్నెండు సార్లు ఇలా చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పూతలా పడుతుంది. పూర్తిగా ఆపి, వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి పట్టుకుంటే ఆ ఒక్క చోటే పూత పేరుకుని మళ్లీ ఊగు మొదలవుతుంది. మొదటి 200, 300 కిలోమీటర్లు పూర్తి లోడు వద్దు, ఘాటు వద్దు. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఒకసారి మళ్లీ చూసుకోండి. ఆ సాయంత్రం బాడుగను మర్నాటికి మార్చుకోవడం కష్టమని నాకు తెలుసు. బండి యజమానులు ఆ ఒక్క పూట డ్రైవరుని తొందరపెట్టకండి.